వద్దన్న మిరపకాయ

వంకాయ తరగబోయే ముందు ఉప్పునీళ్ళ గిన్నె పక్కన పెట్టుకోవడం మనకెవరూ పుస్తకంలో నేర్పలేదు. అరటిపువ్వు వలిచే ముందు చేతులకి నూనె రాసుకోవడం, తరిగిన తరుగుని మజ్జిగనీళ్ళలో పడెయ్యడం కూడా అంతే. అమ్మ చేస్తూంటే మనం చూశాం, వాళ్ళమ్మ చేస్తూంటే అమ్మ చూసింది. "ఎందుకూ అలా?" అని కొత్తకోడలు అడిగితే "లేకపోతే నల్లబడి కనరెక్కవూ?" అన్న జవాబు తయారుగా వుంటుంది. అసలెందుకు నల్లబడతాయి అని మళ్ళీ అడిగితే "గాలి తగిలి" అంటాం. అక్కడితో ప్రశ్న ఆగిపోతుంది. ఆగక ఏం చేస్తుంది, పొయ్యిమీద పోపు మాడిపోతూంటే!

కాని తీరిగ్గా ఒక్కసారి ఆలోచించండి. వంకాయ, అరటికాయ, బంగాళాదుంప, ఆపిల్ - ఇవన్నీ కోసిపెడితే నల్లబడతాయి. నిమ్మకాయ నల్లబడదు. కమలాపండు నల్లబడదు. అర్ధచెక్క నిమ్మకాయని మర్నాటిదాకా మరిచిపోతే అది ఎండి వడిలిపోతుందేగాని వంకాయ ముక్కలా నల్లమొహం పెట్టదు. గాలి అందరికీ ఒకటే కదా, మరి ఈ పక్షపాతం ఎందుకూ?

ఈ ప్రశ్నని వదలకుండా పట్టుకున్న మనిషి ఒకాయన వున్నాడు. ఆయన పేరు మన నోటికి అంత తేలిగ్గా తిరగదు - ఆల్బర్ట్ సెంట్-జ్యోర్జి. హంగరీ దేశస్థుడు. 1893 లో బుడాపెస్ట్ నగరంలో పుట్టాడు. ఆయన కథలో సముద్రాలున్నాయి, యుద్ధాలున్నాయి, చావుదాకా వెళ్ళి వెనక్కి రావడం వుంది. వాటన్నిటి మధ్యలో, రాత్రి భోజనం వేళ ఒక ఇల్లాలు బల్లమీద పెట్టిన మిరపకాయ వుంది. నన్ను ఈ కథలోకి లాగింది ఆ మిరపకాయే.

మొదటి ప్రపంచయుద్ధం వచ్చేనాటికి సెంట్-జ్యోర్జి వైద్యవిద్యార్థి. రష్యన్ సరిహద్దుకి పంపారు. ధైర్యసాహసాలకి పతకం కూడా ఇచ్చారు. కాని కళ్ళెదుట మనుషులు రాలిపోతూంటే చూసి చూసి ఆయనకి విరక్తి పుట్టింది. 1916 లో తన చేతిని తానే తుపాకీతో కాల్చుకుని, శత్రువు గుండు తగిలిందని చెప్పి ఇంటికొచ్చేశాడు. మర్నాటి సంవత్సరం చదువు పూర్తిచేశాడు, నెల్లీ అనే అమ్మాయిని పెళ్ళాడాడు. ఆవిడ తండ్రి హంగరీ తపాలాశాఖలో పెద్ద అధికారి.

పెళ్ళయ్యాక ఈ దంపతులు తిరగని దేశం లేదు. ఓడిపోయిన దేశంలో పని దొరకదు, దొరికినా జీతం చాలదు. భార్యనీ, చంటిపిల్లనీ వెంటబెట్టుకుని ఊళ్ళు మారి మారి 1922 లో హాలండులోని గ్రోనింగెన్ చేరాడు. పరిశోధనకి ఆయన పట్టుకున్న విషయం విచిత్రంగా వుంటుంది. అడ్రినల్ గ్రంథులు పాడైతే 'అడిసన్ వ్యాధి' అని ఒక జబ్బు వస్తుంది. అందులో మనిషి చర్మం కంచురంగుకి తిరుగుతుంది. కోసిన బంగాళాదుంప కూడా ఆ రంగుకే తిరుగుతుంది. ఈ రెంటికీ ఏమైనా చుట్టరికం వుందా? పెద్ద పెద్ద డాక్టర్లు నవ్వి వూరుకునే ప్రశ్న. నిజానికి ఆ చుట్టరికం ఆయన అనుకున్నట్టు లేదు కూడా. కాని ఆ దారిన పోతూంటే ఇంకోటి కనిపించింది.

కాయల్లో, దుంపల్లో గాలిలోని ఆక్సిజన్‌ని పట్టి కొన్ని పదార్థాలతో కలిపే ఎంజైములుంటాయి. కత్తి పడేదాకా అవన్నీ ఎవరి గదుల్లో వాళ్ళు తలుపులేసుకుని కూర్చుంటాయి. కత్తి పడగానే గోడలు కూలి అన్నీ కలిసిపోయి గోధుమరంగు, నలుపు పుట్టుకొస్తాయి. ఇలాంటి ఒక ఎంజైమునే ఆయన గాజుగొట్టంలోకి తీసుకుని, రంగు తేలే మందు ఒకటి కలిపాడు. తక్షణం నీలం రంగు వచ్చింది. అదే పని కాస్త నిమ్మజాతి పండ్లరసం చేర్చి చేశాడు. నీలం రంగు వచ్చింది గాని, ఒక్క క్షణం ఆగి వచ్చింది.

ఆ ఒక్క క్షణమే అసలు సంగతి. మరొకరైతే కన్నార్పి ఆ క్షణాన్ని పోగొట్టుకుందురు. ఆయన మాత్రం "ఈ రసంలో ఎవరో వున్నారు, ఆక్సిజన్ చేసే పనికి అడ్డం పడుతున్నారు. తమ దగ్గరున్నది అయిపోయేదాకా అడ్డంపడి, తర్వాత తప్పుకుంటున్నారు" అని అర్థం చేసుకున్నాడు. అదే పదార్థం ఆవుల అడ్రినల్ గ్రంథుల్లో కూడా కనిపించింది. అదేమిటో తెలియదు. తెలుసుకునే తీరిక కూడా ఆయనకి మిగల్లేదు. ఆదరించిన పెద్దాయన 1924 లో పోయాడు. ఆ స్థానంలోకి వచ్చినాయనకి ఈ పని గిట్టలేదు. చేతిలో డబ్బు లేదు. 1926 లో భార్యనీ బిడ్డనీ బుడాపెస్ట్‌లో పుట్టింటికి పంపేసి, ఇక ప్రాణం తీసుకుందామనే నిశ్చయానికి వచ్చాడు. పోయేముందు చివరిసారిగా శాస్త్రజ్ఞుల సభ ఒకటి చూద్దామని స్టాక్‌హోం వెళ్ళాడు.

సభకి అధ్యక్షుడు కేంబ్రిడ్జిలోని ప్రొఫెసర్ హాప్కిన్స్. ఆయన ప్రసంగంలో సెంట్-జ్యోర్జి పేరు ఒకసారి కాదు, మూడుసార్లు వినబడింది! ఎక్కడో మూల కుర్చీలో చావాలనుకుని కూర్చున్న మనిషి ఎలా ఉలిక్కిపడి వుంటాడో చూడండి. సభ అయ్యాక వెళ్ళి పలకరిస్తే "కేంబ్రిడ్జికి ఎందుకు రాకూడదు? వేతనం నేను చూస్తాను" అన్న ధోరణిలో మాట్లాడాడట ఆ పెద్దమనిషి. నెల్లీ మళ్ళీ పెట్టె సర్దుకుంది.

కేంబ్రిడ్జిలో ఆ పదార్థాన్ని తెల్లటి పలుకులుగా తీశాడు. చూస్తే చక్కెరలకి దగ్గర బంధువు. పేరు పెట్టాలిగా! చక్కెరల పేర్లన్నీ 'ఓజ్'తో ముగుస్తాయి - గ్లూకోజ్, ఫ్రక్టోజ్. ఇదేమిటో నాకు తెలీదు అనే అర్థం వచ్చేట్టు 'ఇగ్నోజ్' అని పెట్టి పత్రికకి పంపాడు. సంపాదకుడికి హాస్యం నచ్చలేదు. వేరే పేరు చెప్పమన్నాడు. అయితే 'గాడ్‌నోజ్' అని పెట్టుకోండి అన్నాడు ఈయన - దేవుడికే తెలుసని! ఆఖరికి సంపాదకుడే బుద్ధిగా 'హెక్సూరోనిక్ ఆసిడ్' అనిపించి 1928 లో అచ్చువేశాడు.

* * *

కథని ఇక్కడ ఆపి సముద్రం మీదికి వెళ్దాం. ఎందుకంటే పేరు కుదరని ఈ పదార్థం కోసం అప్పటికి నాలుగు వందల ఏళ్ళుగా మనుషులు ప్రాణాలు వదుల్తూనే వున్నారు.

1498 లో వాస్కో డ గామా మన కాలికట్‌కి వచ్చాడని చిన్నప్పుడు చదువుకున్నాం. తిరుగు ప్రయాణం సంగతి మన పాఠాల్లో అంతగా చెప్పరు. గాలి ఎదురై, అరేబియా సముద్రం దాటి ఆఫ్రికా ఒడ్డు చేరడానికి వాళ్ళకి మూడు నెలలు పట్టింది. దారిలో నావికుల చిగుళ్ళు వాచి పళ్ళమీదికి పెరిగాయి, కాళ్ళు పొంగాయి, ఒంటినిండా నల్లమచ్చలు తేలాయి. పదులకొద్దీ పోయారు. పోర్చుగల్ నుంచి బయల్దేరిన వాళ్ళలో ఇల్లు చేరింది మూడోవంతు మందే. ఈ జబ్బు పేరు స్కర్వీ. ఆఫ్రికా ఒడ్డున మలిందిలో కమలాపళ్ళు దొరికితే వాటికోసం ఎగబడ్డారు.

1740 లో ఇంగ్లండు నుంచి ఆన్సన్ అనే నౌకాధికారి దాదాపు 1,900 మందితో ప్రపంచం చుట్టి రావడానికి బయల్దేరాడు. నాలుగేళ్ళ ప్రయాణంలో వెయ్యిమందికి పైగా పోయారు. శత్రువు చేతిలో చచ్చింది నలుగురంటే నలుగురు. మిగతావాళ్ళలో ఎక్కువమందిని మింగింది స్కర్వీయే. ఆ నౌకమీద ఒక ముసలి సైనికుడున్నాడు. అంతకు యాభై ఏళ్ళ క్రితం ఒక యుద్ధంలో తగిలి, మానిపోయి, మరిచిపోయిన గాయం స్కర్వీ రాగానే మళ్ళీ పచ్చిపుండులా విచ్చుకుందట. చదువుతూంటే ఒళ్ళు జలదరిస్తుంది. మన ఒంట్లో చర్మాన్నీ, నరాన్నీ, ఎముకనీ పట్టి వుంచే కొల్లాజెన్ అనే దారాలుంటాయి. అవి రోజూ కొంత తెగుతూ, రోజూ కొంత కుట్టుపడుతూ వుంటాయి. ఆ కుట్టుపనికి కావలసింది లేకపోతే పాత కుట్లు కూడా విడిపోతాయని ఇప్పుడు మనకి తెలుసు. ఆ ముసలాయనకి ఎలా తెలుస్తుంది?

1747 లో 'సాలిస్‌బరీ' అనే నౌకమీద జేమ్స్ లిండ్ అనే డాక్టరు పన్నెండుమంది రోగుల్ని ఇద్దరిద్దరు చొప్పున ఆరు జట్లు చేశాడు. అందరికీ ఒకే తిండి. అదనంగా ఒక జట్టుకి సారాలాంటి ఆపిల్‌రసం, ఒక జట్టుకి నీళ్ళు కలిపిన గంధకికామ్లం, ఒక జట్టుకి వెనిగర్, ఒక జట్టుకి సముద్రపు నీళ్ళు, ఒక జట్టుకి వెల్లుల్లి, ఆవాలు వగైరాలు నూరిన ముద్ద. ఆరో జట్టుకి రోజూ రెండు కమలాలు, ఒక పెద్దనిమ్మకాయ. ఆరు రోజులకే పళ్ళు అయిపోయాయి. కాని ఆ ఆరు రోజుల్లోనే వాళ్ళిద్దరిలో ఒకడు లేచి పనిలోకి దిగాడు.

ఇక్కడితో కథ సుఖాంతం కావాలి కదా? కాలేదు. లిండ్ 1753 లో పుస్తకం రాస్తే ఇంగ్లీషు నౌకాదళం నిమ్మరసం అందరికీ ఇవ్వడం మొదలుపెట్టింది 1795 లో. నలభైరెండేళ్ళు! పైగా లిండ్ చెప్పిన ఉపాయంలోనే చిక్కుంది. రసం నిలవ వుండాలని గంటలకొద్దీ కాచి చిక్కబెట్టమన్నాడు. కాస్తే అందులో వున్న గుణం కాస్తా చాలావరకు ఆవిరై పోయినట్టే.

ఇంకా విడ్డూరం తర్వాత జరిగింది. 1860 ల్లో మధ్యధరా ప్రాంతపు పెద్దనిమ్మకాయలు మానేసి, తమ పాలనలో వున్న వెస్టిండీస్ ద్వీపాల చిన్ననిమ్మకాయలకి మారారు. ఇంకా పుల్లగా వుంటుంది గనక ఇంకా మంచిదన్నారు. రోగాన్ని ఆపేది పులుపేనని వాళ్ళ నమ్మకం. ఆ రసాన్ని రాగి గొట్టాల్లోంచి పంపి, వెలుతురుకీ గాలికీ వదిలి, సీసాల్లో నెలలతరబడి నిలవచేశారు. 1875 లో ఉత్తరధ్రువం వైపు వెళ్ళిన నౌకాదళం రోజూ ఆ రసం తాగుతూనే స్కర్వీ తెచ్చుకుని, అనుకున్నదానికంటే ముందే తిరుగుముఖం పట్టింది. దాంతో నిమ్మరసం మీదే నమ్మకం పోయింది. తెలిసిన మందు తెలియనిదైపోయింది. "పులుపు రాగిగిన్నెలో పొయ్యకే" అనే మామ్మ ఒకావిడ ఆ నౌకాదళంలో వుండివుంటే ఎంత బాగుండేది అనిపిస్తుంది. మామ్మ చెప్పేది చిలుం భయంతోనే అనుకోండి, అయినా మేలు జరిగేది.

ఈ ముడి విప్పింది ఆడవాళ్ళే. మొదటి యుద్ధంలో మగవాళ్ళు సరిహద్దులకి వెళ్ళిపోతే, లండన్‌లోని లిస్టర్ ఇన్‌స్టిట్యూట్‌లో హేరియట్ చిక్, ఆవిడ తోడి స్త్రీలు గినీపిగ్గుల్ని పెంచి ఏ తిండిలో స్కర్వీని ఆపే శక్తి ఎంత వుందో కొలిచారు. చిన్ననిమ్మరసానికి పెద్దనిమ్మరసంలో పావువంతు శక్తి మాత్రమే వుందని 1918 లో తేల్చారు. ఆలిస్ హెండర్సన్ స్మిత్ అనే ఆవిడ పాత నౌకాదళం కాగితాలన్నీ వెతికి, కాయ మారిన సంగతి బయటపెట్టింది. ఆ హేరియట్ చిక్ 1977 దాకా, నూటరెండేళ్ళు బతికింది. పేరు మాత్రం మన పాఠాల్లోకి రాలేదు.

ఇంతకీ గినీపిగ్గులే ఎందుకంటారా? కుక్క, పిల్లి, మేక, ఆవు - ఇవన్నీ ఈ పదార్థాన్ని తమ ఒంట్లోనే తయారుచేసుకుంటాయి. వాటికి స్కర్వీ రాదు. తయారుచేసుకోలేనివి మనిషి, కోతి, కొన్ని గబ్బిలాలు, ఇదిగో ఈ గినీపిగ్గులాంటి కొద్ది జీవులు. మన పూర్వజీవుల్లో ఎప్పుడో ఆ జన్యువు చెడిపోయింది. చెట్లమీద పళ్ళు తింటూ బతికేవాళ్ళకి ఆ లోటు తెలియలేదు. ఓడెక్కి ఎండురొట్టె, ఉప్పుమాంసం తిన్నప్పుడు తెలిసింది. 1920 నాటికి దానికి 'విటమిన్ సి' అని పేరయితే పెట్టారుగాని, అది ఎలా వుంటుందో చూసిన కన్ను లేదు.

* * *

ఇప్పుడు మళ్ళీ హంగరీ వెళ్దాం. స్వదేశం పిలిచి సెగెడ్ అనే ఊళ్ళో ఆచార్య పదవి ఇస్తే, సెంట్-జ్యోర్జి కుటుంబంతో అక్కడ స్థిరపడ్డాడు. మధ్యలో అమెరికా వెళ్ళి, కబేళాల నుంచి గ్రంథులు తెప్పించుకుని, నెలల శ్రమమీద పాతిక గ్రాముల హెక్సూరోనిక్ ఆసిడ్ సంపాదించాడు. అందులో కొంత ఇంగ్లండులో హావర్త్ అనే రసాయన శాస్త్రజ్ఞుడికి పంపితే, దాని నిర్మాణం తేల్చడానికి అది చాలలేదు.

1931 లో స్విర్‌బెలి అనే కుర్రవాడు అమెరికా నుంచి సెగెడ్ వచ్చాడు. అక్కడ పిట్స్‌బర్గులో కింగ్ అనే ప్రొఫెసర్ దగ్గర విటమిన్ సి మీద పనిచేసినవాడు. ఏదిచ్చినా అందులో ఆ విటమిన్ వుందో లేదో చెప్పగలనన్నాడు. సెంట్-జ్యోర్జి బీరువాలోంచి మిగిలిన పలుకులు తీసి ఇచ్చాడు. గినీపిగ్గులకి రోజుకో మిల్లీగ్రాము పెట్టారు. పెట్టినవి నవనవలాడుతూ తిరిగాయి, పెట్టనివి స్కర్వీతో పోయాయి. దేవుడికే తెలుసన్న పదార్థమే విటమిన్ సి! కాయ నల్లబడకుండా ఆపేదీ, నావికుడి గాయం మాన్పేదీ ఒకటే. 1932 ఏప్రిల్‌లో ఈ సంగతి అచ్చయింది. దానికి రెండు వారాల ముందు పిట్స్‌బర్గు కింగు కూడా అదే ప్రకటించాడు. ఎవరు ముందు అన్న తగువు ఏళ్ళతరబడి సాగింది. మధ్యలో ఆ కుర్రవాడు నలిగిపోయాడు.

తగువుల సంగతి అలా వుంచండి. పలుకులు అయిపోయాయి. నిమ్మజాతి పళ్ళనుంచి తీద్దామంటే వాటిలోని చక్కెరలు అడ్డం వచ్చి విడదియ్యనివ్వవు. గ్రంథులు తెప్పించే డబ్బు లేదు. ఏది వుందో తెలిసింది, అది చేతిలో లేదు.

అప్పుడు వచ్చింది ఆ రాత్రి. సెగెడ్ ఊరు పాప్రికా మిరపకాయలకి పుట్టిల్లు. శరదృతువులో ఇళ్ళ గోడలనిండా ఎర్రటి మిరపకాయల దండలే వేలాడుతూంటాయి. నెల్లీ ఆ రాత్రి భోజనంలో భర్తకి పచ్చి పాప్రికా పెట్టింది. ఆయనకి తినబుద్ధి కాలేదు. వద్దంటే భార్య ఏమనుకుంటుందో! ఎలా తప్పించుకోవాలా అని ఆలోచిస్తూంటే, అన్ని కాయలూ పరీక్షించాంగాని దీన్ని మాత్రం ఎప్పుడూ చూడలేదే అని తట్టింది. కాయ పట్టుకుని ప్రయోగశాలకి వెళ్ళిపోయాడు. అర్ధరాత్రికల్లా తెలిసింది, అది విటమిన్ సి కి గని అని! ఇదంతా ఎవరో కల్పించింది కాదు, తర్వాత ఆయనే నవ్వుతూ చెప్పుకున్నాడు.

నిమ్మజాతి పళ్ళలో లాగా దీంట్లో అడ్డం వచ్చే చక్కెరలు లేవు. సంతలో బళ్ళకొద్దీ కాయలు. కొద్ది వారాల్లోనే కిలోకి పైగా స్వచ్ఛమైన పలుకులు తయారయ్యాయి. అడిగినవాళ్ళందరికీ పంచిపెట్టాడు. హావర్త్ 1933 లో దాని నిర్మాణం తేల్చాడు. ఇద్దరూ కలిసి 'ఆస్కార్బిక్ ఆసిడ్' అని పేరు మార్చారు - అంటే స్కర్వీ లేకుండా చేసేదని. ఆ సంవత్సరమే దాన్ని గ్లూకోజ్ నుంచి తయారుచేసే పద్ధతి కూడా స్విట్జర్లండులో రైష్‌టైన్ కనిపెట్టాడు. వేల ప్రాణాలు తీసిన లోటు మందులషాపులో బిళ్ళగా దొరకడం మొదలైంది. 1937 లో సెంట్-జ్యోర్జికి వైద్యంలోనూ, హావర్త్‌కి రసాయనంలోనూ నోబెల్ బహుమతులొచ్చాయి.

ఆ బంగారు పతకాన్ని కూడా ఆయన ఇంట్లో దాచుకోలేదు. రష్యా దాడికి గురైన ఫిన్లండు ప్రజల సహాయనిధికి ఇచ్చేశాడు. రెండో యుద్ధంలో హిట్లర్‌కి వ్యతిరేకంగా రహస్యంగా పనిచేసి, గెస్టపో వెతుకుతూంటే ఇళ్ళు మారుతూ తలదాచుకున్నాడు. 1947 లో అమెరికా చేరి, 1986 లో, తొంభైమూడో ఏట, అక్కడే కన్నుమూశాడు.

మరి నెల్లీ? నవలలు రాసేదాన్ని గనక నా కళ్ళు ఎప్పుడూ వెనక గదిలోకే పోతాయి. ఇరవై ఏళ్ళు ఊరూరా పెట్టెలు సర్దింది, విప్పింది. చేతిలో చిల్లిగవ్వ లేనప్పుడు పుట్టింటికి వెళ్ళింది, పిలిస్తే వచ్చింది. ఆ రాత్రి మిరపకాయ పెట్టింది. బహుమతి వచ్చిన నాలుగేళ్ళకి, 1941 లో, ఆ దంపతులు విడిపోయారు. ఆయన ఇంకొకావిణ్ణి పెళ్ళాడాడు. ఎవరి తప్పు, ఎవరి ఒప్పు అని తీర్పు చెప్పడానికి మనమెవరం? శాస్త్రచరిత్రలో నెల్లీకి మిగిలింది ఆ ఒక్క వాక్యమే - "భార్య ఆ రాత్రి మిరపకాయ వడ్డించింది." అది కూడా ఆయన వద్దనడం వల్ల దక్కిన వాక్యం. ఇష్టంగా తినేసి వుంటే అదీ వుండేది కాదు.

* * *

అడ్డం పడే ఆ గుణం గురించి తర్వాత చాలా తెలిసింది. 1954 లో రెబెకా గెర్ష్‌మన్ అనే అర్జెంటీనా శాస్త్రవేత్త, మితిమీరిన ఆక్సిజన్ చేసే హానీ, ఎక్స్‌రేలు చేసే హానీ ఒకే దారిన జరుగుతాయని చెప్పింది. రెండింటిలోనూ 'ఫ్రీ రాడికల్స్' అనేవి పుడతాయి. 1956 లో హార్మన్ అనే అమెరికన్, ముసలితనానికి కూడా ఇవే కారణం కావచ్చునన్నాడు.

ఫ్రీ రాడికల్ అంటే భయపడకండి. అణువుల్లో ఎలక్ట్రాన్లు జంటలు జంటలుగా వుంటాయి. ఒకదానికి జంట పోయిందనుకోండి, అది పక్క అణువు నుంచి లాక్కుంటుంది. ఆ పక్కది ఆ పక్కదాన్నుంచి. ఉదయాన్నే ఒకింట్లో కాఫీపొడి అయిపోతే పక్కింటావిడ డబ్బా ఖాళీ చేస్తుంది. ఆవిడ ఇంకో ఇంటికి పరిగెడుతుంది. సాయంత్రానికి వీధి వీధంతా ఖాళీ డబ్బాలే! కణం చుట్టూ వున్న కొవ్వుపొరలో సరిగ్గా ఇదే జరుగుతుంది. డబ్బా అడుగున మిగిలిన నూనె వాసన కొడుతుందే, అదీ ఈ గొడవే. వీధిలో ఒక్క ఇల్లాలుంటుంది చూడండి, "నా డబ్బాలోది తీసుకో తల్లీ" అని ఇచ్చేసి, తను మాత్రం ఎవరింటికీ వెళ్ళకుండా సర్దుకునేది. విటమిన్ సి అదే. ఆవిడ దగ్గరితో అప్పుల గొలుసు తెగిపోతుంది.

ఇంతకీ మొక్కలు దీన్ని మనకోసం చేస్తున్నాయనుకుంటే పొరపాటు. ఆకు పొద్దస్తమానం ఎండలో నిలబడి, తనే ఆక్సిజన్ పుట్టిస్తుంది. ఆ వేడికీ, వెలుతురుకీ, ఆక్సిజన్‌కీ తన కణాలే మాడిపోకుండా కాపాడుకోవాలి. మనలాగా నీడలోకి పరిగెత్తలేదు, గొడుగు వేసుకోలేదు. అందుకని ఇన్ని రకాల కాపలావాళ్ళని ఒంట్లోనే పెట్టుకుంది. విటమిన్ సి, విటమిన్ ఇ, ఎరుపూ పసుపూ రంగుల కెరోటిన్లు, ఉల్లిపాయలోనూ టీ ఆకులోనూ వుండే ఫ్లావనాయిడ్లు. ఆ ఫ్లావనాయిడ్లని కూడా సెంట్-జ్యోర్జి 1936 లోనే గుర్తుపట్టి 'విటమిన్ పి' అన్నాడు. అవి లేకపోతే వచ్చే జబ్బంటూ కనిపించకపోవడంతో ఆ పేరు నిలవలేదు.

ఇంత మంచివైతే బిళ్ళలు చేసి గుప్పెళ్ళకొద్దీ మింగవచ్చు కదా? సరిగ్గా అలాగే అనుకున్నారు. రెండు నోబెల్ బహుమతులందుకున్న లైనస్ పాలింగ్ అంతటివాడు 1970 లో, విటమిన్ సి విపరీతంగా తీసుకుంటే జలుబు రాదని పుస్తకం రాశాడు. షాపుల్లో సీసాలు ఖాళీ అయిపోయాయి. తర్వాత పరీక్షల్లో, మామూలు మనుషులకి జలుబు రాకుండా అదేం ఆపదనీ, క్రమం తప్పకుండా తీసుకుంటే మాత్రం వచ్చిన జలుబు కాస్త త్వరగా తగ్గవచ్చనీ తేలింది.

అక్కడితో పోతే పోన్లే అనుకుందుం. ఫిన్లండులో పొగతాగే మగవాళ్ళు 29,133 మందిని తీసుకుని, కెరోటిన్ బిళ్ళలూ విటమిన్ ఇ బిళ్ళలూ ఇచ్చి ఏళ్ళతరబడి చూశారు. ఊపిరితిత్తుల కాన్సరు తగ్గుతుందని ఆశ. 1994 లో లెక్క చూస్తే, కెరోటిన్ మింగినవాళ్ళలో కాన్సరు 18 శాతం ఎక్కువ! అమెరికాలో 18,314 మందితో సాగిన ఇంకో పరీక్షలోనూ, కెరోటిన్‌తో పాటు విటమిన్ ఎ మింగినవాళ్ళలో 28 శాతం ఎక్కువ కనిపించేసరికి 1996 లో మధ్యలోనే ఆపేశారు. పళ్ళూ కూరలూ బాగా తినేవాళ్ళు ఆరోగ్యంగా వుండడం నిజమే. కాని కూరలోంచి ఒక్కదాన్ని విడదీసి మోతాదు పెంచితే అది కాపలాకాయడం మాని ఇంకేదో చేసింది. ఒంటికి ఫ్రీ రాడికల్స్ కూడా కొంత అవసరమే, క్రిముల్ని చంపడానికి వాటినే వాడుకుంటుందని ఇప్పుడు తెలుసు. పప్పులో ఉప్పు లేకపోతే తినలేం. అంతమాత్రాన దోసెడు ఉప్పు పోస్తామా?

నాకు ఇంకో సంగతి తమాషాగా తోస్తుంది. సెగెడ్ మిరపకాయా, మన గుంటూరు మిరపకాయా ఒకే ఇంటి ఆడపడుచులు. పుట్టిల్లు అమెరికా ఖండం. ఒకటి తురుష్కుల వెంట హంగరీ వెళ్ళింది, ఇంకోటి పోర్చుగీసువాళ్ళ ఓడల్లో మనదేశం వచ్చింది. స్కర్వీతో చిగుళ్ళు కారుతూ వచ్చినవాళ్ళ వారసులే, ఆ జబ్బుకి మందున్న కాయని మనకి మోసుకొచ్చారు. మందని వాళ్ళకీ తెలియదు, తీసుకున్న మనకీ తెలియదు. కాని ఎండుమిరపకాయ చూసి మురిసిపోకండి. ఎండలో ఎండేసరికి ఈ విటమిన్ చాలామట్టుకు పోతుంది. పచ్చిమిరపకాయదే ఘనత.

1918 లో కూనూరులో మొదలై, 1958 లో మన హైదరాబాదుకి తరలివచ్చిన పోషకాహార పరిశోధనశాల 1971 లో అచ్చువేసిన పట్టిక చూడండి. నూరు గ్రాములకి పచ్చిమిరపకాయలో 111 మిల్లీగ్రాముల విటమిన్ సి, జామపండులో 212, మునగాకులో 220, ఉసిరికాయలో 600. తర్వాతి కొలతల్లో ఉసిరి అంకె బాగా తగ్గిందిగాని ముందువరస మాత్రం తప్పలేదు. దేశదేశాలు తిరిగి, గ్రంథులు కోసి, చావుదాకా వెళ్ళి ఆయన వెతికినది మన పెరట్లో కార్తీకమాసపు వనభోజనాలకి నీడనిస్తూ నిలబడి వుంది. అలా అని మనవాళ్ళకి అన్నీ ముందే తెలుసని చంకలు కొట్టుకోవడం కాదు. చెయ్యడం వేరు, తెలియడం వేరు. కారణం తెలియకుండా చేసే పని ఎంత మంచిదైనా, నిమ్మకాయ రకం మార్చిన నౌకాదళంలాగా ఏదో ఒకనాడు చేజారిపోతుంది.

అందుకని ఇంట్లో ఆడపిల్ల "ఎందుకూ?" అని అడిగినప్పుడు "గాలి తగిలి" దగ్గరే ఆగిపోకండి. నిమ్మకాయ పులిహోర కలిపేటప్పుడు రసం పొయ్యిమీద పొయ్యం, గిన్నె దింపి, వేడి కాస్త తగ్గాక పిండుతాం కదా. చేదెక్కుతుందనే మనం అలా చేస్తాం. నిమ్మకాయలో వున్న ఆ కాపలామనిషి వేడికి తట్టుకోలేదనీ, లిండ్ డాక్టరుకి తెలియక కాచి పాడుచేసింది దాన్నేననీ కూడా చెప్పండి. ఆ పక్కనే నెల్లీ పేరు కూడా ఒకసారి చెప్పండి. పచ్చి మిరపకాయ బల్లమీద పెట్టిన చెయ్యి ఆవిడది.